అత్తగారి బుర్ర ఫోటోకి నాగపూర్ వెళ్ళి వచ్చాం

మా బిలాస్‌పూర్ రైలు కాలనీలో నాగపూర్ మీదుగా వెళ్ళనివాళ్ళు లేరు. పాసు చేతిలో ఉన్నవాళ్ళం, ఎక్కడికైనా వెళ్తాం. కానీ నాగపూర్‌లో దిగి, మనిషి తలకాయ లోపల ఏముందో ఫోటో తీయించుకుని వచ్చింది మాత్రం నాకు తెలిసి మేమే. వచ్చిన దగ్గర్నించీ అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. సంతకం పెట్టడం తప్ప రాత రాదు. అందుకని నేను చెప్తుంటే మా తెలుగు బడి పంతులమ్మగారు రాస్తోంది. 'సవతి' అన్న మాట దగ్గర ఆవిడ కలం ఆపి నా మొహం చూసింది. రాయమ్మా, ఈ ప్రయాణమంతా దానితోనే చేశాను, దాన్ని వదిలేసి ఏం రాస్తావు?

బయల్దేరకముందు

నా పేరు నూకాలు. మా ఆయన ఆవిరి ఇంజన్ల షెడ్డులో బాయిలర్ పని చేసేవాడు. పోయి ఆరేళ్ళయింది. నేను ఆయనకి రెండో పెళ్ళాన్ని. మొదటిది పైడి. మా అత్తగారికి సొంత అన్న కూతురు, ఊళ్ళో ఉండగా ఎత్తుకుని పెంచిన మేనకోడలు. పెళ్ళయిన ఎనిమిది నెలలకే, మంచి రోజు చూసి బిలాస్‌పూర్ తీసుకొద్దామనుకునేలోపే, చీపురుపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో జ్వరం వచ్చి పోయింది. ఈ ఊరి స్టేషన్ కూడా చూడలేదు. పోయేటప్పటికి దానికి పదిహేడేళ్ళు. ఇప్పటికీ పదిహేడే. నాకేమో యాభై దాటి, ముందరి పళ్ళు రెండు ఊడాయి.

మా వైపు రెండో పెళ్ళాం మెడలో తాళితోపాటు మొదటిదాని పేరున చిన్న బంగారు బిళ్ళ కడతారు. సవతి బిళ్ళ అంటారు. గోరంత ఉంటుంది, దాని మీద ఆడమనిషి బొమ్మ అచ్చు వేసి ఉంటుంది. కొత్త చీర కొంటే ముందు ఆ బిళ్ళకి చూపించి తరవాత నేను కట్టుకోవాలి. పండగ పూట పాయసం ముందు దానికి, తరవాత నాకు. మా ఆయన పోయిన పదో రోజున నా గాజులు తీశారు, తాళి తీశారు. బిళ్ళ కూడా తీయబోతే మా అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

“దాని జోలికెల్లకండి. అది ముత్తయిదువగా ఎల్లిపోయింది” అంది.

అప్పట్నించీ తాళి లేని మెడలో నల్లదారం కట్టుకుని సవతిని మోస్తున్నాను.

రెండేళ్ళ కిందట అత్తగారికి మతి తప్పడం మొదలైంది. ముందు పొయ్యి మీద పప్పు మరిచిపోయింది. తరవాత ఇంటికొచ్చే దారి. ఆ తరవాత నన్ను. ముప్పైయొక్క ఏళ్ళు ఆమె వీపు రుద్దాను, కాళ్ళు పట్టాను. ఇప్పుడు నా మొహం వైపు చూడదు, నా మెడలో బిళ్ళ చూసి “పైడీ” అని పిలుస్తుంది. రాత్రి ఆ బిళ్ళ గుప్పిట్లో పట్టుకుంటేగానీ నిద్రపోదు. నేను పలికేదాన్ని కాదు. “పైడి కాదు, నానే నూకాల్ని” అని చెప్పే ముద్ద పెట్టేదాన్ని. ఆమె నోరు మూసుకునేది.

మా ఆడపడుచు వరాలు నాగపూర్‌లో ఉంటుంది. వాళ్ళాయనదీ రైలు ఉద్యోగమే. మొన్న వేసంగిలో వచ్చి ఇదంతా చూసి ఒక మాట అనేసి వెళ్ళింది. “మతిమరుపేటి వదినా? నన్ను పేరెట్టి పిలుస్తాది, నా పిల్లల్ని అడుగుతాది. నీ మీద అమ్మకి మొదట్నించీ మనసు లేదు. అంతే.”

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. మా రైలాస్పత్రి డాక్టరు, తలలో గడ్డో రక్తమో ఉందేమో చూడాలి, నాగపూర్‌లో ఎమ్మారై ఫోటో తీయించండి అన్నప్పుడు నేను ఒక్కటే అడిగాను. “నాటకమాడుతుంటే ఫోటోలో తెలుస్తాదా బాబూ?”

ఆయన నవ్వలేదు. “జబ్బుంటే చాలావరకు తెలుస్తుందమ్మా” అన్నాడు.

ఇక నేను ఆగలేదు. ఈమె నన్ను మరిచిపోయిందా, మరిచిపోయినట్టు ఉంటోందా? అది తేల్చుకోవడానికి వెళ్ళాను. దీపావళి వెళ్ళిన వారానికి, తెలిపారా బజారులో అత్తగారికి ఒక ఉన్ని శాలువా కొని, పొద్దుటి బండి ఎక్కాం.

డోంగర్‌గఢ్ దాకా

నల్లకోటు వేసుకున్న టీసీ వచ్చాడు. అత్తగారు ఆయన్ని చూడగానే కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది.

“బావూ, మావోడికి రాత్రి డూటీ ఎయ్యకండి. మొన్ననే జొరం తగ్గినాది” అని దండం పెట్టింది.

షెడ్డు ఫోర్‌మన్ అనుకుంది. నేను సిగ్గుతో చచ్చి, ఆయనకి హిందీలో సంగతి చెప్పాను. ఆ కొడుకు పోయి ఆరేళ్ళయిందని కూడా చెప్పాను. పెద్దమనిషి. పాసు చూసి నాకిచ్చేసి అత్తగారి వైపు తిరిగాడు. “అచ్ఛా మాతాజీ, దిన్ కీ డ్యూటీ. పక్కా” అన్నాడు. ఆమె సంతోషంగా కూర్చుంది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నేను మొక్కని దేవుడు లేడు పగటి డ్యూటీ కోసం. ఒక్కసారీ పడలేదు.

రాయ్‌పూర్‌లో ఒక ఛత్తీస్‌గఢీ ఆడమనిషి ఎక్కింది. నా వయసే. డోంగర్‌గఢ్ కొండ మీది అమ్మవారికి మొక్కు తీర్చడానికి వెళ్తోంది. చేతుల నిండా పచ్చబొట్లు. మా అత్తగారి చేతుల మీదా ఉన్నాయి. ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టుకుని నీ తేలు బాగుందా నా పువ్వు బాగుందా అని చూసుకున్నారు.

“కహాఁ జాథస్ దాయీ?” అని అడిగింది, ఎక్కడికమ్మా అని.

“మా పైడి కాడికి” అంది మా అత్తగారు తెలుగులో.

ఆమె ఠేఠరీ పెట్టింది. శనగపిండి మెలితిప్పి నూనెలో వేయించేది, మన జంతికల కన్నా గట్టి. నేను ఉప్పు గోంగూర ముద్ద కొంచెం ఆమె రొట్టెలో పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం పెట్టమంది. అప్పుడే నా మెడలో బిళ్ళ ఏమిటని అడిగింది. చెప్పాను. పగలబడి నవ్వింది.

ఆమెదీ రెండో మనువేనట. వాళ్ళలో గాజులు తొడిగి తెచ్చుకుంటారు, తతంగం ఉండదు. మొదటిది బతికే ఉంది, పక్క గదిలోనే. ఇద్దరూ కలిసి అడవికి తునికాకు కోతకి వెళ్తారట.

“కొట్టుకోరా?” అని అడిగాను.

“ఎందుకు కొట్టుకోం? మొన్న జుట్లు పట్టుకున్నాం. ఇప్పుడు దాని మోకాళ్ళు బాగుచెయ్యమని అమ్మవారికి మొక్కాను. అది లేస్తేగా నీళ్ళు మోసేది!”

నాకు ఆమె మీద మంటెత్తింది. దాని సవతికి మోకాళ్ళ నొప్పులున్నాయి. నా సవతికి ఏ నొప్పీ రాదు. పట్టుకుందామంటే దానికి జుట్టేదీ? అది కూర మాడ్చదు, ఎదురు చెప్పదు, ముసల్ది కాదు. డోంగర్‌గఢ్‌లో ఆమె దిగిపోతుంటే మిగిలిన ఠేఠరీ మూట కూడా ఇచ్చింది. నేను మంచి మాట ఒకటి చెప్పాల్సింది, చెప్పలేదు.

బోగ్దా

డోంగర్‌గఢ్ దాటితే రెండు పక్కలా కొండలు, టేకు చెట్లు. దరేకసా దగ్గర బండి కొండ తొలిచిన బోగ్దాలోకి దూరుతుంది. కొత్తవాళ్ళు పిల్లల్ని దగ్గర పెట్టుకోండి, పొగ లేకపోయినా చీకటి ఉంటుంది. పెట్టె మొత్తం నల్లగా అయిపోయింది. అత్తగారి చెయ్యి చీకట్లో నా గొంతు దగ్గర తడుముకుంటూ వచ్చి బిళ్ళ దొరకబుచ్చుకుంది.

“పైడీ, బయమేస్తందేటే?” అంది. “నానున్నాను కదా.”

నన్ను ఈ ఇంట్లోకి తెచ్చిన ఏడాది ఇదే దారిన నాగపూర్ వెళ్ళాం. ఇదే బోగ్దా. అప్పుడు నేను నిజంగానే భయపడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. “చీకటికేటి బయం, చెయ్యి తియ్” అంది. అది ఆమెకి గుర్తుండదు. నాకుంది.

గోందియాలో సీతాఫలాలు ఆకుల బుట్టలో, బుట్ట ఐదు రూపాయలు. మా బిలాస్‌పూర్ కన్నా చవక, గింజలు ఎక్కువ. అత్తగారికి గుజ్జు తీసి పెట్టాను. గింజలు నా చేతిలో ఉమ్మింది.

నాగపూర్

వరాలు గుమ్మంలోనే ఉంది. అత్తగారు రిక్షా దిగకుండానే అంది, “వరాలూ! సన్నబడిపోనావేటే?”

వరాలు నా వైపు చూసింది.  ఏడాదికి ఒకసారి కనిపించే కూతురు పేరు నాలుక మీదే ఉంది. నేను సామాను దించుకున్నాను.

నాగపూర్ సంగతి రెండు మాటలు. అక్కడ ఆడవాళ్ళు సైకిళ్ళ మీద తిరుగుతారు. పెద్దవాళ్ళు తొమ్మిది గజాల చీర గోచీ పోసి కడతారు, మనలో కొంతమంది ముసలమ్మల్లాగే. నారింజలు రోడ్డు మీద కుప్పలు. డజను అడిగితే ఇద్దరు మనుషులు మోసేటన్ని ఇస్తారేమో అనుకున్నాను, అంత లేదు, అయినా రసం బాగా ఉంది, మనకి దొరికేవాటిలా పీచు కాదు. పోహా మన దగ్గర జిలేబీతో తింటాం. వాళ్ళు దాని మీద ఎర్రటి శనగల పులుసు పోసిస్తారు. ముక్కు కారింది. రెండు ప్లేట్లు తిన్నాను.

అత్తగారు తినలేదు. “పైడి తిన్నాక తింతాను” అంది.

“తినీసింది లేమ్మా” అంది వరాలు తేలిగ్గా, నా వైపు చెయ్యి చూపిస్తూ. ఆమె నోరు తెరిచింది. అంతే. ఒక్క అబద్ధం. నేను రెండేళ్ళుగా చెప్పనిది.

ఆ గది

ఫోటో తీసేచోట చలి గోదాములా ఉంది. చీటీ రాసే అమ్మాయి హిందీలో పేషెంటు పేరేమిటి అంది. కోడలు అత్త పేరు పలకకూడదు, మా ఇంట్లో ఇంకా ఆ పట్టింపు ఉంది. కాగితం ముందుకు తోశాను. ఆ పిల్ల ఊరుకోలేదు, మతి ఎంతవరకు ఉందో చూడాలేమో, అత్తగారినే అడిగింది. “ఆప్కా నామ్, మాతాజీ?”

వరాలు తెలుగులో చెప్పింది. “నీ పేరేటమ్మా?”

అత్తగారు కొంగు సర్దుకుంది. “పైడికి మేనత్తని” అంది.

తన పేరు కూడా పోయింది, అది మాత్రం పోలేదు.

గది తలుపు దగ్గర మిషను మనిషి ఆపాడు. లోపల పెద్ద అయస్కాంతం ఉందట. ఇనుము, వెండి, బంగారం, ఏదీ ఉండకూడదు. తోడుకి నాలాంటిదొకర్తె లోపల కూర్చోవచ్చు, కదలకుండా పడుకోబెట్టాలి, కదిలితే ఫోటో చెరిగిపోతుంది, మళ్ళీ ఇంకో రోజు రావాలి. అత్తగారికి తీయడానికి ఏమీ లేవు. జడపిన్ను ఒక్కటి తీశాను. అతను నా మెడ చూశాడు.

“యే భీ ఉతారియే.”

కట్టిన దగ్గర్నించీ దాన్ని తీయలేదు. తాళి తీసినప్పుడూ తీయలేదు. ముడి బిగిసిపోయి ఉంది. వరాలు పళ్ళతో విప్పింది. బిళ్ళ తన రుమాలులో కట్టుకుని వరాలు బయటే ఉండిపోయింది. నా మెడ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. దారం ఒరుసుకున్న గీత ఉంది.

లోపల మిషను గుండ్రంగా, మధ్యలో బొరియతో ఉంది. దరేకసా బోగ్దాని మనిషంత చేసి తెల్లరంగు వేసినట్టు. అత్తగారిని బల్ల మీద పడుకోబెట్టారు. పడుకుంటూనే ఆమె చెయ్యి నా మెడ మీదికి వచ్చింది. తడిమింది. ఏమీ లేదు.

“ఎవరు నువ్వు?” అంది. “పైడేది? పైడిని పిలు. ఓలమ్మో, పైడేది?”

లేచిపోతోంది. నేను భుజం పట్టుకుంటే గోళ్ళతో రక్కింది. మిషను మనిషి అద్దం వెనకనించి చెయ్యి ఊపుతున్నాడు, ఇలా అయితే కాదు అని. నేను నూకాల్ని అత్తమ్మా అన్నాను. ఇంకా రక్కింది. నాకు ఆ ఫోటో కావాలి. ముప్పైయొక్క ఏళ్ళలో నాకు కావాలని నేను అడిగింది అదొక్కటే.

వంగి ఆమె చెవిలో చెప్పాను. “నానే అత్తా. పైడిని.”

చెయ్యి వదిలింది. నా మొహం వైపు చూసింది. బిళ్ళ లేకపోయినా నమ్మింది. “ఎక్కడికెల్లిపోనావే” అంది, పిల్లల్ని కోప్పడ్డట్టు. పడుకుంది.

బల్ల లోపలికి జరిగింది. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. నేను ఒక పాదం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు చప్పుడు మొదలైంది. చెవుల్లో దూది పెట్టినా ఆగదు. టంగు టంగు టంగు, ఆగి మళ్ళీ దబదబా. జనం ఈ చప్పుడికే సగంలో లేచిపోతారట. నేను ఆమె పాదం గట్టిగా పట్టుకున్నాను. కానీ పాదం మెత్తబడింది. వేళ్ళు వదులయ్యాయి.

నాకు అప్పుడు తెలిసింది. అది ఆమెకి మా పాత షెడ్డు. బాయిలర్ రేకుల మీద సుత్తి దెబ్బలు. మామగారు కొట్టారు, మా ఆయన కొట్టాడు, నలభై ఏళ్ళు ఆ చప్పుడు వింటూ ఆమె అన్నం వార్చింది. సుత్తి ఆడుతుంటే మగాడు క్షేమం అని మాకు లెక్క. అరగంట పైగా ఆ ముసలిది రాయిలా కదలకుండా పడుకుంది.

బల్ల బయటికి వచ్చాక కళ్ళు తెరిచి అడిగింది.

“మజ్జేనమయిపోనాది కదే. పైడీ, కేరేజీ అట్టుకెల్లినావా?”

మూడు గిన్నెల కేరేజీ. పట్టాలు దాటి, బొగ్గు కుప్పల పక్కనించి, వానలో గోనెసంచి నెత్తిన వేసుకుని, కడుపుతో ఉన్నప్పుడు కూడా మోసుకెళ్ళింది నేను. పైడి బిలాస్‌పూర్ మొహమే చూడలేదు. పేరు తీసుకుంది, ఊరుకున్నాను. నా నడక కూడా దానిదే అయిపోయింది.

“అట్టుకెల్లినాను అత్తా” అన్నాను. ఇంకేమంటాను, ఒప్పుకున్నాను కదా.

నల్ల ఫిల్ము

మర్నాడు డాక్టరు ఫిల్ముని దీపం పెట్టె మీద పెట్టాడు. దొండకాయని చక్రాలుగా తరిగినట్టు అత్తగారి తలకాయ వరసగా ఉంది. ఆయన మరాఠీ మనిషి, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. గడ్డ లేదు, రక్తం లేదు. చెవుల లోపలి వైపు, రెండు పక్కలా, జ్ఞాపకాలు పట్టుకునే చోటు ఒకటుంది. అక్కడి కణాలు చచ్చిపోతే ఆ చోటు వాడిపోయి చిన్నదైపోతుంది. ఖాళీ అయిన చోట నీరు చేరుతుంది. ఈ ఫిల్ములో నీరు నల్లగా పడుతుంది. ఆయన వేలు పెట్టిన చోటల్లా నలుపే.

“ఒక్క ఫోటో చూసి జబ్బు పేరు తేల్చకూడదు. కానీ మీరు చెప్పినవీ ఇదీ కలిపితే అల్జీమర్స్ అనే అనుకోవాలి” అన్నాడు.

“అంటే నాటకం కాదు” అన్నాను.

“కాదమ్మా. పాపం, ఆమె చేతిలో ఏమీ లేదు.”

వరాలు ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుంది. “తప్పయిపోనాది వదినా, ఏటనుకోకు.”

నాకు ఊరట రావాలి కదా? దానికోసమే కదా వెళ్ళాను. రాలేదు. నాటకమైతే ఆ తలకాయలో నేనుండేదాన్ని. ఒక మూల, పగగానైనా. నన్ను చూసి మొహం తిప్పుకోవాలంటే నేనెవరో తెలియాలి కదా.

“నన్నెందుకు మర్సిపోనాది బాబూ? దాన్నెందుకు మర్సిపోలేదు?” అని నా భాషలోనే అడిగేశాను. వరాలు హిందీలో చెప్పింది.

“కొత్తవి ముందు పోతాయి. చిన్నప్పటివి, పాతవి ఆఖర్న పోతాయి” అన్నాడు.

“ముప్పైయొక్క ఏళ్ళు కొత్తా?”

డాక్టరు ఫిల్ము వైపు చూశాడు. “మనుషుల పేర్లు ఇందులో పడవమ్మా” అన్నాడు.

తిరుగు దారి

ప్లాట్‌ఫారం మీద రుమాలు విప్పి ఆ బిళ్ళని అత్తగారి మెడలో కట్టేశాను. నీ మేనకోడల్ని నువ్వే ఉంచుకో అనుకున్నాను. వరాలు చూసింది. నారింజ బర్ఫీ పొట్లం నా చేతిలో పెట్టింది.

బండి కదిలాక అత్తగారు నన్ను తేరిపార చూసింది.

“ఎవరమ్మా నువ్వు? మనోళ్ళలాగున్నావు.”

“నూకాల్ని.”

“ఎంతమంది పిల్లలు?”

“ఒక్కడు పుట్టి పోయాడు.”

“అయ్యో” అంది. ఆ పిల్లాడికి నీళ్ళు పోసింది ఆమే. నా చేతిలో బర్ఫీ ముక్క పెట్టింది, దారిలో దొరికిన పరాయి మనిషికి పెట్టినట్టు, ఎంతో మర్యాదగా. బోగ్దా వచ్చింది. చీకట్లో నా గొంతు దగ్గరికి ఏ చెయ్యీ రాలేదు. బయటికొచ్చాక చూస్తే తన మెడలో బిళ్ళ గుప్పిట పట్టుకుని కళ్ళు మూసుకుంది. నా మెడ చల్లగా ఉంది.

ఇంటికొచ్చాక రెండు పూటలు నా చేతి అన్నం తినలేదు. కొత్తమనిషి చేత్తో తినను అంది. మూడో పూట ఆమె నిద్రలో ఉండగా బిళ్ళ విప్పి మళ్ళీ నా మెడలో కట్టుకున్నాను. లేచింది. “పైడీ” అంది. “ఊఁ అత్తా” అన్నాను. తింది. ఇప్పుడు రోజూ పలుకుతున్నాను.

ఫోటో చూడటానికి మా ఇంటికొచ్చేవాళ్ళు ఇక పొద్దుటిపూటే రండి. వంటగది కిటికీకి కట్టాను, ఎండ తగిలినప్పుడు బాగా కనిపిస్తుంది. అత్తగారికి అన్నం పెట్టాక నేనూ రోజూ చూస్తాను. తెల్లగా మిగిలిందంతా దానిదే, కాదనను. నల్లగా పోయిన చోటు మాత్రం నాది. డాక్టరు పేర్లు పడవన్నాడు, అయినా నాకు తెలుసు. చూడండి, ఎంత పెద్దదో. ఎనిమిది నెలలు కోడలిగా ఉన్న మనిషి అంత చోటు ఖాళీ చేయగలదా?